మొదటి వద్దు

మా వైపు ఎవరింటికి వెళ్ళినా మొదటి మాట వద్దనే అనాలి. కాఫీ తాగుతారా అని అడిగితే, ఇప్పుడే తాగి వచ్చామండి అనాలి. నిజంగా తాగి ఉండనక్కర్లేదు. ఇంటావిడ "అలా కాదండి, కొంచెం" అంటుంది. "ఎందుకండీ మీకు శ్రమ" అనాలి. ఈ మాటలు సాగుతుండగానే అక్కడ పాలు పొంగుతూ ఉంటాయి. మూడోసారి గ్లాసు తెచ్చి చేతిలో పెడితే అప్పుడు తాగాలి. అడగందే అమ్మైనా పెట్టదని లోకమంతా అంటుంది గానీ, కోనసీమలో అడగ్గానే తినేవాణ్ణి కక్కుర్తి మనిషంటారు. నేను ఈ పద్ధతిలోనే పుట్టి పెరిగాను. హాస్టలు నిండా ఉన్న ఆడపిల్లలకి దీన్నే నేర్పాను కూడా.

నా పేరు రత్నమాల. అమలాపురంలో ఆడపిల్లల హాస్టలుకి వార్డెన్‌గా చేసి రిటైరయ్యాను. పెళ్ళి చేసుకోలేదు. సంబంధాలు రాకపోలేదు. వచ్చినప్పుడు నేను తమ్ముళ్ళ చదువులంటూ కూర్చున్నాను, చదువులు అయ్యేసరికి సంబంధాలవాళ్ళు లేచి వెళ్ళిపోయారు. దాని గురించి నాకు పెద్ద బాధ లేదు. బాధ వేరే ఉంది, అది రిటైరయ్యాక మొదలైంది.

హాస్టల్లో నా గది పిల్లలు పడుకునే పెద్ద హాలుకి ఆనుకుని ఉండేది. తలుపు తీసే పడుకునేదాన్ని. చీమ చిటుక్కుమన్నా వార్డెనమ్మ లేచేస్తుందని పిల్లలు హడలిపోయేవారు. నిజమేమిటంటే, ఆ అలికిడిలోనే నాకు నిద్ర పట్టేది. ఒకత్తి దగ్గుతుంది, ఒకత్తి పలవరిస్తుంది, ఒకత్తి మంచం కిర్రుమంటుంది, ఇంకొకత్తి గురక రాజోలుదాకా వినిపిస్తుంది. అవన్నీ వింటూ హాయిగా పడుకునేదాన్ని. దసరా సెలవులకి పిల్లలు ఇళ్ళకెళ్ళి హాలు చప్పబడిపోయినప్పుడు మాత్రం మెలకువ వచ్చేసేది. కానీ మనకి పేరొచ్చాక ఆ పేరు మనకంటే ముందు నడుస్తుంది. రత్నమాలకి అలికిడి పడదు అని మా వంశంలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు.

ఇప్పుడు అమలాపురంలోనే ఒక మేడ మీద రెండు గదులు అద్దెకి తీసుకుని ఉంటున్నాను. కింద ఇంటివాళ్ళు మంచివాళ్ళు, బొత్తిగా చప్పుడు చేయరు. డిసెంబరు చలిలో కూడా నేను ఫ్యాను వేసుకునే పడుకుంటాను, అదొక్కటే కదా ఇంట్లో కదిలేది. కొన్నాళ్ళు టీవీ పెట్టుకుని చూశాను. టీవీలోవాళ్ళు మాట్లాడతారు, ఏడుస్తారు, పాడతారు. పక్కన పడుకున్న మనిషిలా ఊపిరి మాత్రం తీయరు. తెల్లారేదాకా కళ్ళు తెరుచుకునే ఉంటాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. వయసొచ్చిన వార్డెన్ ఒక్కత్తీ పడుకోలేకపోతోందంటే నవ్వరూ.

ఈ వేసవిలో మా అమ్మ సూరమ్మకి ఓడ చూడాలన్న కోరిక పుట్టింది. అమ్మ రాజోల్లో మా పెద్ద తమ్ముడు కృపానందం దగ్గర ఉంటుంది. వాడు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. నా మొహానికి గోదారి దాటే పంటు తప్ప ఇంకో పడవ ఎక్కలేదర్రా అని అమ్మ అనడం, మనవలూ మునిమనవలూ విశాఖపట్నం వెళ్దామని గోల చేయడం రెండూ ఒకేసారి జరిగాయి. కృపానందం కుటుంబం, వాడి కొడుకు కుటుంబం, కూతుళ్ళూ అల్లుళ్ళూ, మా చిన్న తమ్ముడు సాలమోను, వాడి సంతానం. ఒక బస్సుకి సరిపడా జనం. బస ఎక్కడ అనే మాట వచ్చేసరికి అందరూ నా వైపు తిరిగారు. మనుషుల్ని ఎక్కడ పడుకోబెట్టాలో అక్కకే తెలుసు అన్నాడు కృపానందం. నేను మొదట, నాకెందుకురా ఇవన్నీ, అన్నాను. వాడు మళ్ళీ అడిగాడు. అలా ఒప్పుకున్నాను.

ఒప్పుకున్నప్పుడే నాకేం కావాలో నాకు తెలుసు. ఇంతమందీ ఒకే హాల్లో వరసగా పక్కలేసుకుని పడుకోవాలి. వాళ్ళ మధ్య నాకూ ఒక పక్క ఉండాలి. ఆ రెండు రాత్రులైనా నిద్రపోవాలి. ఓడ అమ్మ చూసుకుంటుంది, సముద్రం పిల్లలు చూసుకుంటారు, నాకు కావలసింది ఇదీ.

ఫోన్లో ఫొటోలు చూసి గదులు తీసుకోవడం నాకు గిట్టదు. ఫొటోలో సముద్రం కనిపిస్తుంది, బాత్రూం తలుపుకి గడియ ఉందో లేదో కనిపించదు. అందుకని తెల్లవారుజామున బస్సెక్కి ఒక్కదాన్నే విశాఖపట్నం వెళ్ళాను. బీచ్ రోడ్డులో ఒక పెద్ద హోటలు చూశాను. కుర్రాడు టై కట్టుకుని గదులన్నీ చూపించాడు. పరుపు ఎత్తి చూశాను, కొళాయి తిప్పి నీళ్ళు పుక్కిలించి చూశాను. మలికిపురం వైపు బోరునీళ్ళ ఉప్పన తెలిసిన నాలుక నాది. నీళ్ళు బాగానే ఉన్నాయి. వంక పెట్టడానికేమీ లేదు, అదే నాకు నచ్చలేదు. గదికి ఇద్దరు. ఒక్కొక్క తలుపు వెనక ఒక్కొక్క కాపురం. మా వాళ్ళని తెచ్చి ఇందులో పోస్తే చిల్లర డబ్బుల్లా తలో అరలోకీ వెళ్ళిపోతారు.

పెదవాల్తేరులో పాత మేడ ఒకటి ఉందని ఎవరో చెబితే అక్కడికి వెళ్ళాను. పెళ్ళివారికి విడిది ఇచ్చే ఇల్లది. చూసుకునే ఆవిడ పేరు లక్ష్మీతులసి, నా కంటే చాలా చిన్నది. గుమ్మంలోనే కాఫీ తాగుతారా అంది. ఇప్పుడే తాగానమ్మా అన్నాను. బస్సు దిగినప్పటి నుంచి గుక్కెడు కాఫీ లేదు. ఆవిడ ఇంకోసారి అడిగింది, నేను ఇంకోసారి వద్దన్నాను. ఆవిడ ఇంక మాట్లాడకుండా వెళ్ళి పొగలు కక్కే గ్లాసు తెచ్చి చేతిలో పెట్టింది. ఇల్లు చూడకముందే ఆ ఇల్లు నాకు నచ్చేసింది.

పైన హాలు ఉంది చూశారూ, అది చూశాక నాకు ఇంకేమీ కనిపించలేదు. ఎర్ర గచ్చు, ఎత్తైన కిటికీలు, ఓ మూల దొంతరగా పేర్చిన పరుపులు, దిళ్ళు. పెళ్ళివారంతా ఇక్కడే దొర్లుతారండి అంది లక్ష్మీతులసి. నేను ఆ గచ్చు మీద నిలబడి మనసులోనే మా వాళ్ళందరికీ పక్కలు వేసేశాను. గోడ వారన అమ్మ, ఆమె పక్కన మరదలు కుసుమ, అంటే కృపానందం భార్య. గురక పెట్టే సాలమోనుని కిటికీ దగ్గరికి తోశాను. హాస్టలుకి కొత్తగా వచ్చి ఇంటి మీద బెంగతో ఏడ్చే పిల్లని నేనెప్పుడూ గురక పెట్టే పిల్ల పక్కనే వేసేదాన్ని. ఆ చప్పుడుకి విసుక్కుంటూ బెంగ మరిచిపోయి పడుకునేది. అలా అందరినీ సర్ది, నడిమధ్య, మునిమనవలకీ మరదలికీ నడుమ నా పక్క వేసుకున్నాను. సంతోషంతో ఒళ్ళు తేలిపోయింది. ఈ వయసులో అలాంటి సంతోషం వస్తే ఎవరికీ కనిపించకుండా జాగ్రత్తపడాలి, అందుకని లక్ష్మీతులసితో చీపుర్లు సరిగ్గా లేవని ఓ మాట అన్నాను.

అక్కణ్ణించే కృపానందానికి ఫోన్ చేశాను. "ఆయ్ అక్కా, నువ్వు చూసేక ఇంకేముంది" అన్నాడు. సాలమోనూ అలాగేనన్నట్టు ఆయ్ అన్నాడు. కుసుమ, వదినగారు చెప్పేక తిరుగేముందండీ అంది. వస్తున్నామని లక్ష్మీతులసికి మాట ఇచ్చేసి బస్సెక్కాను. దారి పొడుగునా ఆ హాల్లో పక్కలు అటూ ఇటూ మారుస్తూనే ఉన్నాను.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక రాజోల్లో తమ్ముడింట్లో భోజనానికి కూర్చున్నాం. కృపానందం కొడుకు శ్యామ్ బాబు, కోడలు శారోన్ సికింద్రాబాదులో ఉంటారు. వాళ్ళతో వీడియో కాల్ పెట్టి, ఫోను మంచినీళ్ళ జగ్గుకి ఆనించారు. శారోన్ అక్కడే పుట్టి పెరిగిన పిల్ల. తెలివైనది, కలుపుగోలుది, ఏ పనైనా పట్టుకుంటే చివరికంటా చేస్తుంది. ఆ పిల్ల మీద నాకు ఒక్క ఫిర్యాదూ లేదు. ఆ రోజు మాత్రం ఒకటైనా ఉండి ఉంటే బాగుండుననిపించింది.

"అత్తయ్యగారూ, బాత్రూములు ఎన్నండీ?" అని అడిగింది.

నాకు గుర్తు రాలేదు. ఆలోచించగా ఆలోచించగా కింద పెరట్లో రెండున్నట్టు లీలగా తోచింది. పైన హాల్లో పడుకుంటే మామ్మగారు రాత్రిపూట మెట్లు దిగి పెరట్లోకి వెళ్ళాలా అంది. ఆమెకి మోకాళ్ళు వంగవు కదండీ అంది. మర్యాదగానే అంది. అది నిజం కావడమే నాకు మండింది. ఎంతమంది పిల్లలకి ఎన్ని బాత్రూములుండాలో పై అధికార్లతో పోట్లాడి కట్టించుకున్నదాన్ని నేను. పరుపు ఎత్తి చూసేదాన్ని, నీళ్ళు పుక్కిలించేదాన్ని, ఆ హాలు చూడగానే కళ్ళు మూసుకుపోయాయి. విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళెవరూ నా వైపు చూడలేదు. బాత్రూముల సంగతి అందరికీ ముందే తట్టిందనీ, పెద్దదాని మాటకి ఎదురు చెప్పలేక ఆయ్ అని ఊరుకున్నారనీ అప్పుడు అర్థమైంది. మా వాళ్ళ మర్యాద అలాంటిది. గోతిలో పడబోతున్నా, అయ్యో అమ్మగారూ అనరు, మీరెలా అంటే అలాగేనండి అంటారు.

శారోన్ అప్పటికే ఫోన్లో హోటళ్ళు వెతికి పెట్టింది. అందులో నేను చూసి వచ్చిన బీచ్ రోడ్డు హోటలే బాగుందని తేల్చింది. లిఫ్టు ఉంది, గదికో బాత్రూం ఉంది. ఎవరు ఏ గదిలో ఉండాలో గబగబా చెప్పుకుపోయింది. అది నా ఉద్యోగం. నా ఎదుటే నా ఉద్యోగం ఇంకొకరు చేస్తుంటే అన్నం కలుపుకుంటూ కూర్చున్నాను. అమ్మని నా గదిలో వేస్తుందేమో అనుకున్నాను. అమ్మగారికి రాత్రి నేను పక్కన లేకపోతే తోచదండీ అంది కుసుమ. అదీ నిజమే. అమ్మకి ఆసరా ఇచ్చి లేపేదీ, మంచినీళ్ళు ఇచ్చేదీ ఇన్నేళ్ళుగా ఆవిడే. కూతుర్ని నేనైనా అమ్మ కుసుమనే పిలుస్తుంది. అమ్మ కుసుమ గదిలోకి వెళ్ళిపోయింది. ఇద్దరేసి చొప్పున, పిల్లలున్నవాళ్ళు పిల్లలతో, అందరూ గదుల్లోకి వెళ్ళిపోగా నేను మిగిలాను.

"మా గదిలో పడుకుంటారా అత్తయ్యగారూ? ఇంకో మంచం వేయిస్తాను. పిల్లలు కూడా మీ దగ్గర పడుకుంటామంటున్నారు" అంది శారోన్.

వస్తానమ్మా అనాలని ఉంది. నోరు మాత్రం దానికి అలవాటైన మాటే అంది. "ఎందుకమ్మా, మీకు ఇరుకు. నాకెక్కడైనా ఒకటే."

ఆ ఇంట్లో ఉన్నవాళ్ళందరికీ ఆ మాటకి అర్థం తెలుసు. అలా కాదు లెండి అని ఒక్కళ్ళు అంటే చాలు. కానీ కుసుమ పెరుగు వడ్డించే పనిలో ఉంది, కృపానందం కళ్ళజోడు కోసం తడుముకుంటున్నాడు. అమ్మకి వినపడదు. శారోన్, "అయితే సరేనండి. మీకు సముద్రం వైపు సింగిల్ రూం తీసుకుంటాను. ప్రశాంతంగా పడుకోవచ్చు" అంది. కుసుమ అప్పుడు తలెత్తి, "అదే మంచిదమ్మా, వదినగారికి అలికిడి పడదు" అంది. నా నోట్లో ముద్ద ఉంది. అది మింగేలోగా ఫోను కట్టయిపోయింది.

శారోన్‌ని ఏమనగలను? శ్యామ్ బాబు పెళ్ళి కుదిరినప్పుడు కృపానందం సికింద్రాబాదు వెళ్తే, వియ్యపురాలు భోంచేస్తారా అంటే, తినేసి వచ్చామండి అన్నాడట. వాళ్ళు నిజమేననుకుని మంచినీళ్ళిచ్చారు. ఘుమఘుమలాడే కూరలు లోపల మూతలకిందే ఉండిపోయాయి. మావాడు బస్టాండులో ఇడ్లీ తిని, వాళ్ళకి మర్యాద తెలియదక్కా అని నాకు ఫోన్ చేసి వాపోయాడు. వాళ్ళకి తెలిసిన మర్యాద అది. మనిషి వద్దంటే వద్దని నమ్మడం. నేను అప్పుడు పగలబడి నవ్వాను. ఇప్పుడు నా వంతు వచ్చింది.

రెండోసారి పిలుపు కోసం చూస్తూనే ఉన్నాను. శారోన్ ఫోన్ చేస్తే, ఇదే అడుగుతుందని ఎత్తేదాన్ని. ఆ పిల్ల నాకు ఏ రంగు చీర బాగుంటుందో, బీపీ మాత్రలు ఎన్ని పెట్టుకోవాలో చెప్పేది. కృపానందం పని మీద అమలాపురం వచ్చి మా ఇంటికి వచ్చాడు. ఒక్కదానికి అంత గది ఎందుకురా దండగ అని కదిపి చూశాను. "అలాగనకు అక్కా. నువ్వు మా కోసం ఎంత చేసేవు. ఆ పిల్ల మరీ మరీ వెతికి నీకే మంచి గది తీసింది" అన్నాడు. వాడి కళ్ళల్లో ప్రేమ తప్ప ఇంకేం లేదు. పొగరుతో గెంటేస్తే ఎదురు తిరగొచ్చు. ఇంత ప్రేమగా ఒంటరిని చేస్తే ఏమనాలి? వాడికి కాఫీ పెట్టి ఇచ్చాను. వాడు రెండుసార్లు వద్దని మూడోసారి తాగాడు.

లక్ష్మీతులసికి ఫోన్ చేసి రావడం లేదని చెప్పాను. పరవాలేదండి, ఈసారి వద్దురు గాని అంది. ఆవిడ నాకు ఏమవుతుందని? అయినా ఫోను పెట్టబుద్ధి కాక కొత్త చీపుర్లు కొన్నారా అని అడిగాను.

అనుకున్న రోజుకి బయల్దేరి మధ్యాహ్నానికి విశాఖపట్నం చేరాం. హోటలు మెట్లెక్కే ముందే అమ్మని బీచ్ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి ఓడ చూపించారు. దూరంగా రెండు మూడు ఆగి ఉన్నాయి. అమ్మ చేయి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసి, "అందులో మనుషులు కనపడరేంటి?" అంది. లోపలుంటారు మామ్మా అన్నాడు శ్యామ్ బాబు. లోపలుంటే ఏం లాభం, మన పంటు మీదైతే అందరూ పైనే నిలబడతారు అని, చాలు పదండర్రా అంది.

నా గది చూడడానికి అందరూ వచ్చారు. కుసుమ తెర పక్కకి లాగి, వదినగారు మహారాణీ లాగున్నారు అంది. పిల్లలు మంచం మీద గెంతారు. కాసేపు గది నిండిపోయింది. తర్వాత ఒకళ్ళ వెనక ఒకళ్ళు వెళ్ళిపోయారు. ఆ హోటలు తలుపులు ఎవరూ వేయనక్కర్లేదు, మనిషి దాటగానే వాటంతట అవే మూసుకుపోతాయి. హాస్టల్లో పిల్లల హాలు తలుపులకి లోపలి గడియలు నేనే దగ్గరుండి తీయించేశాను. ఇక్కడ తలుపే గడియ. నడవాలో తివాచీ పరిచారు, నడిచేవాళ్ళ అడుగులు కూడా వినపడవు. కిటికీ అద్దానికి తెరిచే వీలు లేదు. ఎదురుగా సముద్రం విరుచుకుపడుతోంది, చప్పుడు లేదు. నేను ఆ అద్దానికి చెవి ఆనించి నిలబడ్డాను. ఏమీ వినపడలేదు. ఇన్నేళ్ళలో నేను అంత ఒంటరిగా ఎప్పుడూ లేను. కింద ఇంటివాళ్ళు పిల్లిలా నడిచినా కనీసం కుక్కర్ కూతైనా పైకి వినపడేది.

సాయంత్రం కుటుంబ ప్రార్థన నా గదిలోనే పెట్టారు. మంచాలు తక్కువ, చోటు ఎక్కువ ఉన్న గది నాదే కదా. దుప్పట్లు పరుచుకుని అందరూ కింద కూర్చున్నారు, అమ్మ ఒక్కతే కుర్చీలో. పాట పాడారు, కృపానందం వాక్యం చదివాడు. మా ఇంట్లో ఆ తర్వాత ప్రార్థన అంశాలు చెప్పుకుంటాం. ఎవరికేం కావాలో ఒకరొకరుగా చెబితే, అందరి తరపునా ఒకరు ప్రార్థిస్తారు. అమ్మ మోకాళ్ళ గురించి చెప్పింది. సాలమోను తన కొడుకు పరీక్షల గురించి చెప్పాడు. శ్యామ్ బాబు ప్రమోషన్ గురించి చెప్పాడు. నా వంతు వచ్చింది. నేనెప్పుడూ అందరి క్షేమం అని చెప్పి ఊరుకుంటాను. నాకేమీ అక్కర్లేదనడం కూడా మొదటి వద్దు లాంటిదే.

ఆ గదిలో ఆ క్షణాన ఇంతమంది ఊపిరి వినిపిస్తోంది. కాసేపటికి వీళ్ళంతా లేచి వెళ్ళిపోతారు. ఆ తలుపు మూసుకుపోతుంది. భయమేసింది, నిజంగా భయమేసింది.

"ఒక్కదాన్నే పడుకుంటే నాకు నిద్ర పట్టట్లేదు" అన్నాను. "హాస్టలు వదిలినప్పట్నించీ ఇంతే. పక్కన మనుషులుంటే పడుతుంది. దాని గురించి ప్రార్థించండి."

ఎవరూ నవ్వలేదు. అదొక్కటీ మేలు. కృపానందం కళ్ళు మూసుకుని చాలాసేపు ప్రార్థించాడు. తమ చదువుల కోసం జీవితం ధారపోసిన అక్కకి ఈ గదిలో చక్కటి నిద్ర దయచేయమన్నాడు. ఆమె ఒంటరితనంలో తోడుండమన్నాడు. మంచం నాలుగు వైపులా దూతల్ని కావలి ఉంచమన్నాడు. కుసుమ కళ్ళు తుడుచుకుంది. అందరూ గట్టిగా ఆమెన్ అన్నారు, పిల్లలు ఇంకా గట్టిగా అన్నారు. తర్వాత లేచారు. సాలమోను నా భుజం తట్టాడు. కుసుమ నా చెయ్యి నొక్కి వదిలింది. అమ్మని లేపి నడిపించుకుంటూ తీసుకెళ్ళారు. భోజనాలకి కిందికి వెళ్ళే ముందు మొహాలు కడుక్కోవాలని ఎవరి గదికి వాళ్ళు వెళ్ళిపోయారు. దేవుడికి అప్పజెప్పేశాక ఇంక మనుషులకి పనేముంటుంది?

శారోన్ మాత్రం దుప్పట్లు మడతపెడుతూ ఉండిపోయింది. పని సగంలో వదిలే పిల్ల కాదు. మడతపెట్టడం అయ్యాక, "మా అమ్మ వాడే నిద్రమాత్రలు నా బ్యాగులో ఉన్నాయి, ఒకటి ఇమ్మంటారా?" అంది.

నాకేమైందో తెలియదు. "ఇంకోసారి అడుగమ్మా" అన్నాను.

"మాత్రా అండి?"

"కాదు. ఆ రోజు ఫోన్లో అడిగేవు చూడు, మా గదిలో పడుకుంటారా అని. అది."

ఆ పిల్ల మడతపెట్టిన దుప్పటి ఒళ్ళో పెట్టుకుని మంచం అంచున కూర్చుంది. "మీరు వద్దన్నారు కదండీ" అంది. ఆ మాటలో తప్పు పట్టడం లేదు, నిజంగానే అర్థంకాక అడిగింది.

"అన్నాను. మా వైపు మొదటిసారి వద్దనే అంటాం."

"మరి రెండోసారి ఎవరూ అడక్కపోతేనండి?"

"అడక్కపోతే అంతేనమ్మా. ఒక్కళ్ళమే ఉండిపోతాం."

ఆమె చూపు తలుపు వైపు వెళ్ళింది. ఏం లెక్క వేసుకుంటోందో నాకు తెలుసు, నేను జీవితమంతా వేసిన లెక్కే అది. వాళ్ళ గదిలో ఉన్నవి రెండు మంచాలు, పిల్లలిద్దరూ ఒకదాంట్లో, భార్యాభర్తలు ఒకదాంట్లో. మూడో మంచం వద్దన్నది నేనే. ఇప్పుడు ఎవరో ఒకరు కదలాలి. నా కోసం ఒక మనిషిని కదపాలన్న ఆలోచనకే ప్రాణం చచ్చిపోయింది. పోనీలేమ్మా అనే మాట నాలిక చివరికి వచ్చింది. పళ్ళు బిగించాను.

"మా గదిలో పడుకుంటారా అత్తయ్యగారూ? ఆయన ఇక్కడ పడుకుంటారు" అంది.

"ఆయ్. వస్తానమ్మా" అన్నాను. ఆమె మాట పూర్తయిందో లేదో కూడా చూసుకోలేదు.

నా గొంతులో కక్కుర్తి నాకే వినపడింది. అడిగించుకున్న పిలుపు పిలుపు కాదని చిన్నప్పట్నించీ విన్నదాన్ని. సిగ్గుతో మొహం వేడెక్కిపోయింది. అయినా లేచి, మార్చుకోవడానికి ఒక చీరా, పొద్దున్న వేసుకునే మాత్రలూ సంచిలో వేసుకున్నాను. నేను ఇంటి దగ్గర్నించి తెచ్చుకున్న దిండు మంచం మీద ఉంటే అదీ తీసుకున్నాను. శ్యామ్ బాబుకి ఏం చెప్పాలో, కుసుమ చూస్తే ఏమనుకుంటుందో, అవన్నీ ఆలోచించే ఓపిక లేదు. నాకు నిద్ర కావాలి. మనుషుల పక్కన నిద్ర కావాలి.

శారోన్ తలుపు తెరిచి పట్టుకుంది. నా చేతిలో సంచీ, చంకలో దిండూ చూసి, ఆ దిండు ఇలా ఇవ్వండి, నేను పట్టుకుంటానంది.

"వద్దులేమ్మా" అన్నాను.

"సరేనండి" అని ముందు నడిచింది.